నట్టు – బోల్టు: ఒక ఒడంబడిక

ఈ పత్రిక చేరు ఇండ్లలో కొన్నింట రేడియో ఉండును. పాటలు విందుము, వార్తలు విందుము, నాటకములు విందుము. కాని ఆ పెట్టె వెనుకవైపున ఏమున్నదో చూచువారు తక్కువ. అచ్చట పలకకు నాలుగు మూలలను నాలుగు చిన్న మరమేకులు కనబడును. వానిలో ఒకటి పోయినదనుకొందము. మిగిలిన మూడింటిలో ఒకదానిని ఇనుప సామానుల అంగడికి తీసికొనిపోయి, "ఇటువంటిది ఒకటి ఇయ్యండి" అని అడిగిన చాలును. అంగడి యజమాని డబ్బాలో చేయి పెట్టి, వందలలో ఒకదానిని తీసి ఇచ్చును. ఇంటికి తెచ్చి బిగించినచో అది సరిపోవును.

ఆ మరమేకును చేసినవాడు మన రేడియోను చూడలేదు. రేడియోను చేసినవాడు ఆ మరమేకును చూడలేదు. ఇద్దరు రెండు వేరు దేశములవారైనను కావచ్చును. ఐనను ఒకరి పని మరియొకరి పనిలో చక్కగా ఇముడుచున్నది. ఇది మనకు వింతగా తోచదు. కాని నిజమునకు వింతయే. రెండు వందల యేండ్ల క్రిందట ఇది ఎక్కడను సాధ్యము కాదు. నేటికిని, ఒకరు చేసిన కప్లింగు మరియొకరి కుళాయికి పట్టనిచోట ఇండ్లు కాలిపోయినవి. చూపునకు సరిపోయినట్లే యుండి సరిపోని బోల్టుల వలన విమానము ప్రమాదములో పడినది. నట్టును బోల్టును కలిపి పట్టునది ఇనుము మాత్రమే కాదు, మనుష్యులు తమలో తాము చేసికొన్న ఒడంబడిక కూడ. ఆ ఒడంబడిక కథయే ఈ వ్యాసమునకు విషయము.

మొదట మర యన నేమో తెలిసికొందము. ఒక కాగితమును మూల నుండి మూలకు ఏటవాలుగా కత్తిరించి, ఆ త్రికోణపు ముక్కను పెన్సిలునకు చుట్టి చూడుడు. కాగితపు ఏటవాలు అంచు పెన్సిలు చుట్టును మెలికలు తిరుగుచు పైకెక్కును. మర యనగా అదియే: కడ్డీకి చుట్టిన ఏటవాలు. కొండపై గుడికి నిట్టనిలువుగా ఎక్కలేని బండి, కొండను చుట్టిపోవు ఘాటురోడ్డు మీద సులభముగా ఎక్కుచున్నది గదా. దారి పెరిగినకొలది శ్రమ తగ్గును. మర చేయు ఉపకారమును అటువంటిదే. 10 మిల్లీమీటర్ల లావుగల సామాన్యమైన బోల్టు మీద నట్టును ఒక పూర్తి చుట్టు త్రిప్పినచో అది ముందుకు జరుగునది 1.5 మిల్లీమీటరు మాత్రమే. ఆ చుట్టులో అది తిరిగిన దారి సుమారు 28 మిల్లీమీటర్లు. లెక్క కట్టినచో ఆ వాలు సుమారు 3 డిగ్రీలు. ఇంత స్వల్పమైన వాలు మీద ఉంచిన వస్తువు తనంత తాను జారదు. రాపిడి దానిని ఆపును. బిగించిన నట్టు వెనుకకు జారిపోకుండుటకు కారణమిదియే.

బిగించుట యన్న మాటలో మరియొక రహస్యము కలదు. పానాతో గట్టిగా త్రిప్పినప్పుడు బోల్టు సాగును. ఇనుము సాగునా యని సందేహింప నక్కరలేదు. కంటికి కనబడనంత స్వల్పముగా సాగును. సాగిన రబ్బరుపట్టీవలె అది మరల కురచ కావలెనని లోపలికి లాగుచుండును. ఆ లాగుటయే రెండు పలకలను ఒకదానికొకటి అదిమి పట్టును. కావున బిగించిన బోల్టు ఊరకున్న మేకు కాదు. నిరంతరము పనిచేయుచున్న స్ప్రింగు. మనము పానా మీద చూపు బలములో పదింట తొమ్మిది పాళ్ళు, సుమారుగా, రాపిడికే సరిపోవును. బోల్టును సాగదీయుటకు దక్కునది ఒక పాలు. అందుచేతనే త్రుప్పు పట్టిన మర ఎంత బిగించినను లోలోపల వదులుగనే మిగులును. చమురు పూసిన మర అదే బలమునకు మితిమీరి సాగి తెగిపోవచ్చును.

ఇక నట్లు వదులగుట ఏల? కుదుపుల వలననని అందరు చెప్పుదురు. ఏ కుదుపు వలననో తేటపరచినవాడు గెర్హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజనీరు. బోల్టు నిడివి వెంబడి లాగు బలముల కంటె, బోల్టునకు అడ్డముగా పలకలు అటునిటు జరుగుటయే నట్టును వదులు చేయునని అతడు 1969లో ప్రయోగపూర్వకముగా చూపెను. పలకలు జారినప్పుడెల్ల మరల నడుమ రాపిడి ఒక్క క్షణము పట్టు తప్పును. ఆ క్షణములో నట్టు ఏటవాలు మీద రవంత దిగును. వేలకొలది క్షణములు కూడినచో నట్టు ఊడును. కావున నట్టు నిలుచుటకు మొదటి ఉపాయము, పలకలు జారనంత గట్టిగా బోల్టును సాగదీసి బిగించుట. స్ప్రింగు వాషరులు, రెండవ నట్టు, నట్టు గాడిలో నుండి దూర్చిన చీల్పు పిన్ను మొదలగునవి దాని తరువాతివి.

పూర్వులు బోల్టు లేకుండ కలుపు పనులు చేయలేదా? చేసిరి. ఎడ్లబండి చక్రము ఊడిపోకుండ ఇరుసు కొనకు దూర్చు కడచీల వేల యేండ్లనాటి ఉపాయము. వడ్రంగి గూటముతో దిగగొట్టు మేకు అంతకన్న తెలిసినదే. కలకత్తాలో 1943లో తెరచిన హౌరా వంతెనను నట్లు బోల్టులతో గాక రివెట్లతోనే కూర్చిరి. ఎర్రగా కాల్చిన రివెట్టును రంధ్రములో దూర్చి, రెండవ తలను సుత్తితో కొట్టి చేయుదురు. చల్లారి ముడుచుకొనునప్పుడు అది పలకలను బిగించును. కాని మేకును పెరికినచో చెక్క చెడును. రివెట్టును తీయవలెనన్న తల నరుకవలెను. బోల్టు ఒక్కటే, కలిపిన దానిని విప్పనిచ్చి, విప్పిన దానిని తిరిగి కలుపనిచ్చును. మరమ్మతు అన్న మాటకు యంత్రయుగములో అర్థము కలిగినది దాని వలననే. కాని మరమ్మతు సాగవలెనన్న ఒక నియమము కావలెను: పోయిన నట్టునకు బదులు వేరొకటి దొరకవలెను. అచ్చటనే చిక్కు వచ్చినది.

18వ శతాబ్దమువరకు మరలను ఎక్కువగా చేతితోనే కోసెడివారు. కడ్డీ మీద గీత గీసికొని ఆకురాతితో రాచి చుట్లు తీయుట పరిపాటి. చేతిపని యగుటచే ఒక చుట్టు మరియొక చుట్టువలె ఉండదు. ఏ నట్టు ఏ బోల్టునకు చేసిరో దానికే పట్టును. యంత్రమును విప్పవలసివచ్చినచో ప్రతి జతకును గుర్తు పెట్టి విడిగా ఉంచవలెను. ఒక నట్టు తారుమారైనచో ఆ దినమంతయు వెదకులాటయే.

ఈ చిక్కును మొదట కొంత విప్పినవాడు హెన్రీ మాడ్స్లీ. 1771లో ఇంగ్లండులో పుట్టి, పండ్రెండవయేట ఊలిచ్ ఆయుధాగారములో పనికి చేరి, కమ్మరపనిలో ఆరితేరెను. 1800 ప్రాంతమున అతడు నిర్మించిన మరలు కోయు లేతు యంత్రములో, కోయు ఉలి మనిషి చేతిలో నుండదు. ఒక కచ్చితమైన మరచేత నడుపబడు బల్ల మీద నుండును. పళ్ళచక్రములను మార్చినచో కోయు చుట్ల సంఖ్యను మనమే నిర్ణయింపవచ్చును. ఒకే తీరు మరలను వందలకొలది కోయుటకు వీలు కలిగినది. కాని ఏ తీరు? ప్రతి కార్ఖానా తనకు తోచిన లావును, తనకు తోచిన చుట్ల సంఖ్యను ఎంచుకొనెను. యంత్రము నేర్చిన కచ్చితత్వమును మనుష్యులలోని ఏకాభిప్రాయము అందుకొనలేదు.

ఆ లోపమును పూరించినవాడు మాడ్స్లీ వద్దనే పనిచేసిన జోసఫ్ విట్వర్త్. ఇతడు 1803లో పుట్టి, 1833లో మాంచెస్టరులో సొంత కార్ఖానాను స్థాపించెను. 1841లో లండనులోని సివిలింజనీర్ల సంస్థకు ఒక పత్రమును సమర్పించుచు, దేశమంతటికి ఒకే మర యుండవలెనని ప్రతిపాదించెను. అతడు అనుసరించిన పద్ధతి గమనింపదగినది. కొత్త మరను ఊహించి, ఇదియే శ్రేష్ఠమని వాదింపలేదు. ఇంగ్లండులోని ముఖ్యమైన కార్ఖానాల నుండి బోల్టులను తెప్పించి, కొలిచి, సగటు తీసెను. మర కోణము 55 డిగ్రీలు. పావు అంగుళపు బోల్టునకు అంగుళమునకు 20 చుట్లు, అర అంగుళమునకు 12, ఒక అంగుళమునకు 8. ఆ సగటు ఏ యొక్క కార్ఖానాదియు కాదు. కనుక ఎవ్వరికిని ఓటమి కాదు. రైలు కంపెనీలు దానిని స్వీకరించినవి. తరువాత దేశమంతయు స్వీకరించినది.

దాని ఫలము క్రిమియా యుద్ధకాలములో, 1854 – 56 సంవత్సరముల నడుమ, తెలియవచ్చినది. నౌకాదళమునకు చిన్న యుద్ధపడవల ఆవిరి యంత్రములు పెద్ద సంఖ్యలో వెంటనే కావలసివచ్చెను. వానిని ఒక్క కార్ఖానా చేయుట యసాధ్యము. యంత్రనిర్మాత జాన్ పెన్, తన మాదిరి యంత్రములను విప్పి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క కార్ఖానాకు నమూనాగా పంపెను. వేరువేరు చోట్ల తయారైన భాగములను ఒకచోట కూర్చినప్పుడు అవి అతికినవి. ఒకే మర లేకున్నచో ఈ పని తలపెట్టుటకే వీలుండెడిది కాదు.

ఇంతలో అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి యొడ్డున వేరొక ఆలోచన పుట్టినది. 1864 ఏప్రిలులో ఫిలడెల్ఫియా నగరములో విలియం సెల్లర్స్ అను యంత్రనిర్మాత, విట్వర్తు మరలో రెండు కష్టములున్నవని చెప్పెను. 55 డిగ్రీల కోణమును కచ్చితముగా కొలుచుట సామాన్యపు పనివానికి కష్టము. చుట్టు అంచును గుండ్రముగా చేయుట మరియు కష్టము. అతడు సూచించిన కోణము 60 డిగ్రీలు. సమబాహు త్రిభుజమును గీయ నేర్చిన ప్రతివానికిని అది తెలియును. అంచు గుండ్రము గాక చదునుగా నుండిన చాలును. ఆరితేరిన పనివారు తక్కువగా నున్న దేశమునకు ఇది తగిన మర. అమెరికా నౌకాదళమును, పెద్ద రైలు కంపెనీలును దానిని స్వీకరించినవి.

విట్వర్తు వాదము సమంజసము. సెల్లర్సు వాదమును సమంజసమే. కాని రెండు సమంజసములు కలిసి ఒక అసమంజసమును పుట్టించినవి. ఇంగ్లండులోని అర అంగుళపు బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు. అమెరికాలోని అర అంగుళపు బోల్టునకు 13. పక్కపక్కన పెట్టినచో అన్నదమ్ములవలె కనబడును. ఒకదాని నట్టు రెండవదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కి, తరువాత బిగిసిపోవును. పానాతో బలవంతము చేసినచో రెండింటి మరలును పోవును.

ఒడంబడిక లేనిచోట నష్టమెట్లుండునో బాల్టిమోరు నగరము చవిచూచినది. 1904 ఫిబ్రవరి 7, ఆదివారము ఉదయము ఆ నగరపు వర్తకవాడలో నిప్పు అంటుకొన్నది. గాలికి మంటలు వీథి నుండి వీథికి ప్రాకినవి. సహాయము కోరుచు పొరుగు నగరములకు తంతివార్తలు పోయినవి. వాషింగ్టను నుండి అగ్నిమాపక దళములు యంత్రములతో రైలు మీద కొన్ని గంటలలోనే వచ్చినవి. ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరముల నుండియు వచ్చినవి. మనుష్యులున్నారు, యంత్రములున్నవి, వీథులలో నీటి కుళాయిలున్నవి. కాని వచ్చినవారు తెచ్చిన గొట్టముల కప్లింగులు ఆ కుళాయిలకు పట్టలేదు. ఒక్కొక్క నగరము ఒక్కొక్క మరను ఎంచుకొన్న ఫలమది. సుమారు 30 గంటలు మండిన ఆ యగ్నిలో 1,500కు పైగా కట్టడములు కాలిపోయినవి. తరువాత విచారించి చూడగా, అమెరికా దేశమంతటను అగ్నిమాపక గొట్టముల కప్లింగులు 600కు పైబడిన రకములున్నట్లు తేలినది. మరుసటి సంవత్సరమే, 1905లో, రెండున్నర అంగుళముల గొట్టమునకు అంగుళమునకు ఏడున్నర చుట్లని జాతీయ ప్రమాణమును నిర్ణయించిరి.

నిర్ణయించుట వేరు, ఆచరించుట వేరు. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండు కొండలలో చెలరేగిన అగ్ని 25 మందిని బలిగొన్నది. అక్కడి కుళాయిల మూతి మూడంగుళములది. సహాయమునకు వచ్చిన దళములలో పెక్కింటి గొట్టములు రెండున్నర అంగుళములవి. నడుమ తగిలించు మార్పు కప్లింగులకై మంటల యెదుట వెదకికొనవలసి వచ్చెను. బాల్టిమోరు పాఠమునకు అప్పటికి 87 యేండ్లు నిండినవి.

దేశముల నడుమ ఒడంబడిక కుదుర్చుటకు రెండవ ప్రపంచయుద్ధము కావలసివచ్చినది. బ్రిటిషువారి మెర్లిన్ విమానయంత్రమును అమెరికాలోని ప్యాకర్డు కార్ఖానాలో తయారుచేయ బూనినప్పుడు, అచ్చట బ్రిటిషు మరలను కోయు పనిముట్లనే ప్రత్యేకముగా సిద్ధము చేసికొనవలసి వచ్చినది. ఒకే పక్షమున పోరాడు సైన్యముల మధ్య ఒకరి బోల్టు మరియొకరి యంత్రమునకు పనికిరాలేదు. ఆ అనుభవముతో 1948 నవంబరు 18న వాషింగ్టనులో అమెరికా, బ్రిటను, కెనడా దేశముల ప్రతినిధులు ఒక్క మరకు అంగీకరించి సంతకములు చేసిరి. కోణము 60 డిగ్రీలు. అర అంగుళమునకు 13 చుట్లు. విట్వర్తు పక్షమువారు కోణమును విడిచిపెట్టిరి. గాడి అడుగు గుండ్రముగా నుండినచో బోల్టు త్వరగా పగులదను వారి అనుభవమును తక్కినవారు గౌరవించిరి. మంచి రాజీ యెట్లుండవలెనో దీనిని చూచి నేర్చుకొనవచ్చును.

తక్కిన ప్రపంచము మిల్లీమీటర్ల మరను అనుసరించుచు వచ్చినది. 1947లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ యేర్పడినప్పుడు, దాని సాంకేతిక సంఘములకు వరుసగా సంఖ్యలిచ్చిరి. వానిలో ఒకటవ సంఖ్యగల సంఘమునకు అప్పగించిన విషయము మరచుట్లు. మన దేశము ఆ సంస్థ వ్యవస్థాపక సభ్యులలో ఒకటి. భారత ప్రమాణముల సంస్థ మన దేశములో వెలసినదియు 1947లోనే. నేడది భారతీయ మానక సంస్థ యను పేరుతో నడచుచున్నది. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, గజములు అంగుళముల స్థానమున మీటర్లు మిల్లీమీటర్లు క్రమముగా వ్యాపించిన పిదప, బోల్టులును ఆ మార్గమునే పట్టినవి.

నేడు అంగడిలో బోల్టు తల మీద "8.8" వంటి అంకెలు కనబడును. అవి ధర కాదు, సైజు కాదు. ఆ బోల్టు ఎంత గట్టిదో చెప్పు మాట. మొదటి 8 అనగా, చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటన్లు, అనగా సుమారు 80 కిలోల బరువు లాగువరకు తెగదని. చుక్క తరువాతి 8 అనగా, ఆ బలములో పదింట ఎనిమిది పాళ్ళవరకు సాగినను, వదలగనే యథాస్థితికి వచ్చునని. అంతకు మించినచో సాగినది సాగినట్లే యుండును. ఆ బోల్టును మరల వాడరాదు. "4.6" అని యున్న బోల్టును "8.8" ఉండవలసిన చోట బిగించినచో మర సరిపోవును, పని సరిపోదు.

ఇంతవరకు కలుపుటను గూర్చి చెప్పితిమి. కలువరానివి కలువకుండ చూచుటయు ఒడంబడికలో భాగమే. సైకిలు తొక్కువారికి ఇది తెలిసియుండును. కుడి పెడలు మర సామాన్యమైనది. ఎడమ పెడలు మర దానికి ఎదురు. తొక్కుచున్నప్పుడు పెడలు ఇరుసు తనంత తాను విప్పుకొనిపోకుండుటకు అట్లు చేసిరి. ఎడమ పెడలును విప్పవలెనన్న, పానాను గడియారపు ముల్లు తిరుగు వైపునకే త్రిప్పవలెను. ఇది తెలియక రెండవవైపునకు త్రిప్పి, మరింత బిగించి, తరువాత సుత్తి నందుకొనువారు లేకపోలేదు. గ్యాసు వెల్డింగు చేయు చోటికి పోయి చూచినచో, ఎసిటిలీను వంటి మండు వాయువుల గొట్టములకు ఎడమ మర, ఆక్సిజను గొట్టమునకు కుడి మర యుండును. పనివాడు అలసియున్నను, చీకటిగా నున్నను, ఒకదానికి మరియొకటి ఎక్కదు.

ఆసుపత్రులలో ఈ జాగ్రత్త ప్రాణముతో ముడిపడి యున్నది. మత్తు ఇచ్చు యంత్రమునకు తగిలించు చిన్న సిలిండర్ల మీద రెండు చిన్న రంధ్రములుండును. యంత్రము మీద రెండు ముల్లులుండును. ఆక్సిజనునకు ఆ రంధ్రముల స్థానములు 2, 5. మత్తువాయువగు నైట్రస్ ఆక్సైడునకు 3, 5. ఒకదాని స్థానమున మరియొక సిలిండరును పెట్టబోయినచో ముల్లులు రంధ్రములలో దిగవు. ఈ యేర్పాటు 1950 ప్రాంతమున మొదలై లోకమంతటను వ్యాపించినది. దీనికి విరుద్ధమైన కథయు కలదు. సిరంజి ముక్కునకుండు సన్నని కోసు ఆకారపు కప్లింగు మిక్కిలి సౌకర్యముగా నుండుటచే, దానినే రక్తనాళములకు పోవు గొట్టములకును, కడుపునకు ఆహారము పంపు గొట్టములకును వాడిరి. ఫలితముగా ఆహారద్రవము పొరపాటున నరములోనికి పోయి రోగులు మరణించిన సందర్భములు కలవు. నర్సులను హెచ్చరించుటతో పొరపాట్లు ఆగలేదు. కడపట 2016లో అంతర్జాతీయ ప్రమాణమొకటి వెలువడి, ఆహారపు గొట్టమునకు వేరొక ఆకారమును విధించినది. సరిపోవుట ఒక సద్గుణమైనట్లే, సరిపోకుండుటయు ఒక సద్గుణము.

ఈ రెండింటి నడుమ మూడవ స్థితి యొకటి కలదు. అదియే మిక్కిలి ప్రమాదకరము. అది సరిపోయినట్లు కనబడి సరిపోకుండుట. 1990 జూన్ 10న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి స్పెయిను దేశమునకు 81 మంది ప్రయాణికులతో ఒక విమానము బయలుదేరెను. 17,000 అడుగులు దాటి ఎగురుచుండగా, పైలటు ఎదుటనున్న అద్దము ఒక్కసారిగా ఊడి ఎగిరిపోయెను. లోపలి గాలి వెలుపలికి దూసికొనిపోవు వేగమునకు పైలటు నడుమువరకు కిటికీ బయటికి లాగబడెను. తోడి సిబ్బంది అతని కాళ్ళను పట్టుకొని నిలువరింపగా, రెండవ పైలటు సుమారు ఇరువది నిమిషములకు విమానమును సౌతాంప్టనులో దింపెను. అందరును బ్రతికి బయటపడిరి. కాళ్ళను విడువని చేతులకు ఆ పైలటు ఋణపడియుండును.

కారణము విచారింపగా తేలినదేమి? ముందు రోజు రాత్రి ఆ అద్దమును మార్చి 90 బోల్టులు బిగించిరి. వానిలో 84 బోల్టులు ఉండవలసిన లావు కంటె 0.026 అంగుళము, అనగా ముప్పాతిక మిల్లీమీటరునకు లోపే, సన్నగా నున్నవి. మిగిలిన ఆరును పొడవు తక్కువైనవి. సన్నని బోల్టునకును సరియైన బోల్టునకును చుట్ల సంఖ్య ఒక్కటే, అంగుళమునకు 32. కావున సన్నని బోల్టు నట్టులో తిరిగినది, ఎక్కినది, బిగిసినట్లు తోచినది. కాని చుట్ల అంచులు మాత్రమే ఒకదానినొకటి తాకినవి. నేల మీద నున్నంతవరకు అవి చాలినవి. ఆకాశములో లోపలి గాలి ఒత్తిడి పెరిగిన వెంటనే విడిచిపెట్టినవి. పట్టికలోని సంఖ్యను చూడక, పాత బోల్టు పక్కన కొత్త బోల్టును పెట్టి కంటితో పోల్చి ఎంచుకొనుట ఈ ప్రమాదమునకు మూలము. చుట్ల సంఖ్య వేరైయున్నచో ఆ బోల్టు మొదటి రెండు చుట్లలోనే మొరాయించి, ఆ రాత్రియే ఆ పనివానిని హెచ్చరించి యుండెడిది.

కావున మర విషయములో మనము నమ్మవలసినది కంటిని కాదు, కొలతను. ఈ మాట విమానములకే కాదు, మన యిండ్లకును వర్తించును. తలపైన తిరుగు పంఖాను పట్టియుండునది ఒక బోల్టు. బాలుని సైకిలు చక్రమును పట్టియుండునది రెండు నట్లు. ఊయల గొలుసును పట్టియుండునది ఒక కొక్కెము. వీనిలో దేనిని మార్చవలసివచ్చినను, పాతదానిని వెంట తీసికొనిపోవుట మంచిది. కాని పోల్చి చూచుటతో తృప్తిపడరాదు. లావును, చుట్ల నడుమ దూరమును కొలిపించి, తల మీది అంకెను చదివి, అదే అంకె గలదానినే కొనవలెను. మర పోయిన బోల్టునకు దారమో గుడ్డపేలికయో చుట్టి బిగించుట ఎట్టి పరిస్థితిలోను తగదు. పంఖా బోల్టుతోపాటు చీల్పు పిన్ను ఉన్నచో, దానిని పారవేసి బోల్టు నొక్కదానినే నమ్మరాదు.

పాత పనివారు తమ శిష్యులకు మొట్టమొదట నేర్పు పాఠమొకటి కలదు. మంచి నట్టు మొదటి మూడు చుట్లు చేతివ్రేళ్ళతోనే ఎక్కును. వ్రేళ్ళకు లొంగని నట్టు ఏదో చెప్పుచున్నది: మర వేరైనది కావచ్చును, వంకరగా ఎక్కినది కావచ్చును, దుమ్ము పట్టినది కావచ్చును. అప్పుడు చేయవలసినది వెనుకకు త్రిప్పి, తుడిచి, చూచి, తిరిగి ఎక్కించుట. విట్వర్తు మొదలు 1948లో సంతకములు చేసిన ప్రతినిధుల వరకు ఎందరో చేసిన శ్రమ యంతయు ఆ మూడు చుట్లలో నిమిడి యున్నది. వ్రేళ్ళతో ఎక్కని నట్టు మీద పానాను వేయరాదు.